అట్ట లేని పుస్తకం

పగలు పదకొండు గంటలు. నడిమధ్య చిల్లున్న దిండులో మొహం పెట్టుకుని, మంచం మీద బోర్లా పడుకుని ఉన్న రిటైర్డు హెడ్మాస్టరు. తల దగ్గర కుర్చీలో ఆయన భార్య.

“మూడు.”

“అదేంటండీ, రెండొందల పేజీలు చదివించుకుని మూడేనా?”

“పదికి మూడు. అదీ బావి వర్ణనకి. బావిలోంచి ఆడమనిషి ఎక్కొస్తే భయమా? ఎక్కొచ్చి ఏం చేసింది? కూర్చుని ఏడ్చింది. ఇంట్లో నువ్వు ఏడవవూ? నేనెప్పుడైనా భయపడ్డానా?”

“లేదండీ.”

“మొన్నటి బొమ్మ నవలకి ఒకటి. అటుమొన్నటి మేడ మీద గదికి సున్నా. ఆ తలుపు తియ్యడానికి అరవై పేజీలు తీసుకున్నాడు వెధవ. తీరా తీస్తే లోపల అద్దం! నా క్లాసులో ఎవడైనా ఇలాంటి వ్యాసం రాసుంటే వీపు చీరేసేవాణ్ణి.”

“షాపతను కూడా చేతులెత్తేశాడండీ. ‘సారు భయపడే పుస్తకం ఇంకా అచ్చు కాలేదమ్మా’ అన్నాడు.”

“వాడికేం తెలుసు, అట్ట మీద బొమ్మ చూసి అద్దెకిచ్చే రకం.”

“లేదండీ, వాడికో లెక్కుంది. జనం తిరిగి తెచ్చిన పుస్తకాల్లో పేజీ మూల ఎక్కడ మడిచారో చూస్తాట్ట. సగంలో మడిచి, ఇక విప్పకుండా తెచ్చిచ్చారంటే ఆ పేజీ దగ్గర దడుసుకుని ఆపేశారని.”

“దడుసుకుని కాదు, విసుగొచ్చి. అయినా సగం తప్పు నీది. దెయ్యం వచ్చే చోట కూడా రేడియోలో వాతావరణం చదివినట్టు చదువుతావు. ఆ గొంతుకి సున్నా.”

“నేర్చుకుంటానండీ.”

“ఇక నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావు? ఎల్లుండి కట్టు విప్పుతారు. నా పుస్తకాలు నేనే చదువుకుంటా.”

“ఆ రెండ్రోజులే ఓపిక పట్టండి. డాక్టరుగారు పొద్దున ఫోన్‌లో మళ్ళీ చెప్పారు. కూర్చున్నా, తింటున్నా, మొహం నేల వైపే ఉండాలిట. ఒక్కసారి వెల్లకిలా తిరిగినా కంట్లో పెట్టిన గాలి బుడగ జరిగిపోయి, అతికించిన పొర ఊడొచ్చేస్తుందిట.”

“తెలుసు. నాకు పాఠాలు చెప్పకు.”

“ఊడితే మళ్ళీ అతకదన్నారు. ఎడమ కన్ను ఎటూ పోయి పదేళ్ళయింది కదా, అందుకని...”

“నోర్ముయ్! పాడు మాటలూ నువ్వూ. అయిదు రోజులుగా శవంలా పడున్నా. మెడ పట్టేసింది, ముక్కు ఒరుసుకుపోయింది. ఇన్ని పడ్డది చివర్లో తల ఎత్తి పోగొట్టుకోడానికా?”

“అవునండీ. ఒక్కటడగనా?”

“ఏంటి?”

“అసలు మీకు దేనికైనా భయమేస్తుందా? ఏ పుస్తకమూ ఆనకపోతే, ఏం తేవాలో నాకూ తెలియట్లేదు.”

“నాకా? బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరేంటి?”

“దెయ్యం మాస్టారు.”

“మరి? దెయ్యానికి భయమేంటే?”

“అదీ నిజమే లెండి.”

“...మొన్న ఆపరేషన్ బల్ల మీద ఒక్క నిమిషం. ఉన్న ఒక్క కన్నూ ఏదో చేశారు, లైటు తీసేసినట్టయింది. పక్కనే మనుషులు మాట్లాడుకుంటున్నారు, నాకు మాత్రం ఏం లేదు. అప్పుడు కాస్త... కాళ్ళు చల్లబడ్డాయి. అంతే. అది భయం కాదు.”

“కాదండీ. మరి నన్ను భయపెట్టేవారు కదా, అదెందుకు?”

“సరదా. పెళ్ళైన కొత్తలో తలుపు వెనకాల నిలబడేవాణ్ణి, గుర్తుందా? నువ్వు కెవ్వుమని, చేతిలో గిన్నె ఎగరేసి... హబ్బ! ఆ మొహం చూసి తీరాలి. నోరు తెరిచి ఉంటుంది, మాట రాదు. రాసేవాళ్ళకి అది చేతకాదు. ఎందుకో తెలుసా? ఒక్కడు కూడా ఓ మనిషిని దగ్గర్నుంచి భయపెట్టి చూసుండడు.”

“అదన్నమాట లోపం.”

“అదే లోపం. సరే, ఇవాళ ఏముంది?”

“చిన్న పుస్తకమండీ. పల్చగా ఉంది.”

“పేరు?”

“అట్ట లేదు.”

“రాసిందెవడు?”

“అదీ లేదండీ.”

“చిరిగిపోయింది అంటగట్టాడన్నమాట. కానీ, చదువు. మధ్యలో పాలు పొంగాయనీ పంపు వచ్చిందనీ లేచావంటే ఊరుకోను.”

“లేవనండీ. ‘ఆ ఇంట్లో ఒక మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు.’”

“ఆఁ?”

“‘అతనికి ఏమీ కనిపించదు. ఉన్న లోకమంతా చెవుల్లోనే ఉంది. భార్య ఏ గదిలో ఉందో ఆమె చెప్పుల చప్పుడును బట్టి తెలుసుకునేవాడు.’”

“భలే దొరికిందే! అచ్చం నాలాంటివాడే. ఎత్తుగడ బాగుంది. దీనికి ముందే రెండు మార్కులు ఇచ్చేస్తున్నా. ఊఁ.”

“‘నాలుగు రోజులు ఆ చప్పుడు ఒకేలా వినిపించింది. అయిదో రోజు ఆమె చెప్పులు వదిలేసి నడవడం మొదలుపెట్టింది. ఎక్కడ నిలబడి ఉందో అతనికి ఇక తెలియలేదు.’”

“నాలుగు. నాలుగిస్తా. ఇవాళ గొంతు కూడా కాస్త నయం. కానీ.”

“‘ఆ మనిషికి ఇతరుల్ని భయపెట్టడం సరదా. బడిలో పిల్లల్ని, ఇంట్లో భార్యని. అప్పుడు ఆమెకి ఏడో నెల.’”

“ఏమన్నావు?”

“‘అప్పుడు ఆమెకి ఏడో నెల. వాళ్ళింట్లో ఫోను లేదు. మేడ మీది వాటాలో ఉండేది. ఒక మధ్యాహ్నం మేడమీదావిడ కేకేసింది, ఫోనొచ్చిందని. ఆమె నడుం పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళి అందుకుంది. అవతల ఎవరిదో ఎరగని గొంతు. మీ ఆయన్ని లారీ గుద్దింది, ప్రాణం ఉండగా చూడాలనుకుంటే పరిగెత్తమంది ఆ గొంతు.’”

“ఆగు.”

“ఆపెయ్యనా?”

“ఆగమన్నా, ఆపమన్లేదు. ఇది... ఎక్కడో విన్నట్టుంది.”

“అవునండీ, నాకూ చదవగానే అలాగే అనిపించింది. మనింట్లో జరిగినట్టే ఉంది కదూ? మనకి ఎవడో పోకిరీ వెధవ చేశాడు. మీరు పోలీస్ స్టేషన్‌కి కూడా తిరిగారు.”

“తిరిగా, తిరిగా. వాళ్ళేం పట్టించుకోలేదు.”

“పాపం, ఎండలో ఎన్నిసార్లు తిరిగారో.”

“ఇప్పుడదంతా ఎందుకు? ఇలాంటివి చాలా ఇళ్ళల్లో జరిగుంటాయి. రెండు పేజీలు దాటేసి చదువు.”

“దాటేస్తే కథ తెలియదండీ. ‘ఆమె పరిగెత్తింది. పద్నాలుగు మెట్లు. పైనుంచి మూడో మెట్టు మీద కాలు మడత పడింది.’”

“దాటెయ్యమన్నానా!”

“‘ఆడపిల్ల. వేళ్ళకి గోళ్ళు కూడా వచ్చేశాయి. ఆస్పత్రిలో ఆ మనిషి భార్య చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చాడు. అది చూసి నర్సులు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఇంత ప్రేమించే భర్త ఉన్నాడు, ఊరుకో తల్లీ అన్నారు.’”

“ఇది భయం నవలేనా? ఏడుపుగొట్టు కథ. భయం ఎక్కడుంది ఇందులో? సున్నా.”

“ఇప్పుడొస్తుందండీ. ‘ఫోను చేసింది ఆ మనిషే.’”

“ఏయ్!”

“‘బడి ఆఫీసు గదిలోంచి చేశాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి. పక్కన గుమాస్తా ఉన్నాడు. పెట్టేశాక ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. భార్య మొహం ఎలా ఉందో చూడాలని ఆ మనిషి గంట ముందే ఇంటికి బయల్దేరాడు.’”

“ఎవడు రాశాడది?”

“పేరు లేదన్నాను కదండీ.”

“లేకపోతే మాత్రం! రుమాలు సంగతి... రుమాలు అని అచ్చులో ఉందా?”

“ఉందండీ. నీలం గళ్ళది.”

“...మొన్న ఆస్పత్రికి మా గుమాస్తా వచ్చాడు కదూ.”

“వచ్చాడండీ. పళ్ళు తెచ్చాడు. మీకింకా మత్తు దిగలేదు. వరండాలో నా పక్కన కూర్చుని గంట మాట్లాడాడు. మీరంటే ఎంత అభిమానమో! సారంత సరదా మనిషి ఇంకొకడు లేడమ్మా అని ఒకటే నవ్వు.”

“ఏం చెప్పాడు?”

“పెద్దవాడైపోయాడు కదండీ. ఏ మాట ఎవరి దగ్గర అనకూడదో మర్చిపోయాడు పాపం.”

“వాడికి మతి చెడింది. వాడి మాట నమ్ముతావా? ఒసేయ్, విను. ఎవడైనా సరదాకి ఓ ఫోన్ చేస్తే, ముందూ వెనకా చూసుకోకుండా మెట్ల మీద పరిగెత్తమన్నారా? కడుపుతో ఉన్నదానివి, నీకుండాలి బుద్ధి.”

“నన్నంటారేంటండీ? నేను పుస్తకం చదువుతున్నా, అంతే.”

“ఆపెయ్. వినను.”

“అసలు భయం ఇక్కడే ఉందండీ. ‘ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె ఆ గొంతుని శపించింది. పొద్దున లేస్తూనే శపించి, పొయ్యి వెలిగించి, ఆ గొంతుకే అన్నం వండి పెట్టింది. కూరకి పదికి నాలుగు మార్కులని ఆ గొంతు అంటే తలొంచుకుని ఊరుకుంది. ఆ గొంతుకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది.’”

“ఆపమంటున్నానా!”

“‘ఇప్పుడు ఆ మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. రెండు గంటలకోసారి ఆమె కట్టు కొంచెం పక్కకి తీసి, అతని కంట్లో మూడు చుక్కలు వేస్తుంది. అవి ఏ సీసాలోవో అతనికి తెలియదు.’ వింటున్నారా అండీ?”

“పొద్దున తొమ్మిదింటికి వేసిన చుక్కలు మండలేదు.”

“అవునా?”

“రోజూ భగ్గుమని మండుతాయి. ఇవాళ మండలేదు. ఏం వేశావు?”

“చుక్కలేనండీ.”

“ఏ చుక్కలు?”

“డాక్టరుగారు రాసినవే. ఫ్రిజ్‌లో పెట్టాను, చల్లగా ఉండి తెలియలేదేమో.”

“ఎవర్నడిగి పెట్టావు ఫ్రిజ్‌లో? ఆ సీసా నా చేతికివ్వు.”

“చేతికిస్తే ఏం తెలుస్తుందండీ, కనిపించదు కదా.”

“వాసన చూస్తా.”

“కంటి చుక్కలకి వాసనేముంటుంది? నీళ్ళకి ఎంతో దానికీ అంతే.”

“నీళ్ళేంటి? నీళ్ళ మాట ఎందుకొచ్చింది? ఫోన్ ఇవ్వు, డాక్టరుతో మాట్లాడాలి.”

“వంటింట్లో చార్జింగ్‌కి పెట్టాను. చదివేప్పుడు లేస్తే ఊరుకోనన్నారు కదా.”

“పైవాటా అతన్ని పిలు.”

“ఆఫీసుకెళ్ళిపోయాడండీ. ఇంట్లో మనిద్దరమే. కేకేద్దామన్నా మీ కేక దిండులోకే పోతుంది.”

“ఏంటే నీ ఉద్దేశం? అహఁ, ఏంటసలు? ముప్పై ఏళ్ళు కాపురం చేసినదానివి...”

“చేశానండీ.”

“సరే. సరే, తప్పయింది. ఒప్పుకుంటున్నా. క్షమించు.”

“దేనికండీ?”

“అదే. దానికి.”

“ఏ దానికి?”

“నీకు తెలుసు కదా.”

“నాకేం తెలుసండీ? నేను పుస్తకంలో ఉన్నదే చదువుతాను.”

“ఆ ఫోన్‌కి! చాలా? ఆ ఫోన్‌కి క్షమించు.”

“ఎవరు చేశారు ఆ ఫోను? తెలియకపోతే వదిలెయ్యండి. చదవనా?”

“నేను. నేనే చేశా. ఇంత అవుతుందని అనుకోలేదు. ఒట్టు. పాప మొహం చూసినప్పుడు నాక్కూడా... నాక్కూడా బాధేసింది.”

“సాయంత్రం ఇంటికొచ్చాక నా మొహం ఎలా ఉంటుందో చూడాలనుకున్నారు కదా. అప్పటికి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. చూడలేకపోయారు.”

“అలా మాట్లాడకు.”

“అవునండీ, కథలోంచి బయటికొచ్చేశాను. పుస్తకంలో కూడా ఇంతే ఉంది. ‘ఆ మనిషి ఒప్పుకున్నాడు. క్షమించమన్నాడు. ఆమె ఏమీ అనలేదు.’”

“అనలేదంటే?”

“అంతే ఉందండీ. అనలేదు.”

“ఒక్క నిమిషం. ఇంతసేపట్నుంచీ చదువుతున్నావు కదా.”

“చదువుతున్నానండీ.”

“పేజీ తిప్పిన చప్పుడు ఒక్కసారి కూడా రాలేదేంటి?”

“మెల్లిగా తిప్పుతున్నానండీ.”

“తిప్పలేదు. అయిదు రోజులుగా వింటున్నా, నువ్వు వేలు తడి చేసుకుని సర్రున తిప్పుతావు. ఇవాళ తిప్పలేదు. నీ చేతిలో పుస్తకం లేదు!”

“ఉందండీ.”

“లేదు! నువ్వే అల్లి చెప్తున్నావు. ఏదీ, తిప్పు ఓ పేజీ. వినిపించు.”

“తిప్పడానికి ఇంకేం మిగల్లేదండీ. చివరి పేజీలో ఉన్నాం.”

“చివరి పేజీలో ఏముంది?”

“వినాలనుందా? ఆపమన్నారుగా ఇందాక.”

“ఏముందో చెప్పవే!”

“‘ఆమె కుర్చీలోంచి లేచింది.’”

“ఎందుకు లేచావు? కుర్చీ చప్పుడైంది. ఎందుకు లేచావు నువ్వు?”

“కాలు తిమ్మిరెక్కిందండీ. ‘చెప్పులు మంచం పక్కన వదిలేసింది.’”

“ఎక్కడున్నావు?”

“‘చుట్టూ తిరిగి వచ్చి, అతని మెడ వెనక నిలబడింది.’”

“ఎటు పక్కనున్నావు? కుడివైపా? ఒసేయ్... ఏమే... అమ్మా, నీకు దణ్ణం పెడతా, మామూలుగా మాట్లాడు. నీ మామూలు గొంతుతో మాట్లాడు.”

“‘చేతిలో ఉన్నది...’”

“ఏంటి చేతిలో? చేతిలో ఏముంది?”

“‘చేతిలో ఉన్నది పైకెత్తింది. తర్వాత...’”

“వద్దు! వద్దొద్దు! రాకు! కట్టు పీకేస్తా... ఏదీ, ఎక్కడ! చేతులు చూపించు, నీ చేతులు చూపించు నాకు!”

“అయ్యో, వెల్లకిలా తిరిగేశారేంటండీ!”

“చేతులు! ఆ... ఏంటది? తెల్లగా... నీళ్ళ కిందనుంచి చూసినట్టుంది. కత్తా? కత్తేనా అది?”

“కాగితాలండీ.”

“కాగితాలా? చుక్కలు... చుక్కల్లో ఏం కలిపావు?”

“ఏం కలుపుతానండీ? చుక్కలు డాక్టరుగారు ఇచ్చినవే. ఒక్కపూట కూడా మానలేదు. మిమ్మల్ని నేను వేలితో కూడా ముట్టుకోలేదు.”

“మరి... మరి ఇదేంటి? కిందనుంచి నల్లగా పాకుతోంది. తెర దించుతున్నట్టు... ఏయ్, లైటు వెయ్యవే! లైటు!”

“పగలు పదకొండున్నరండీ. కిటికీలన్నీ తీసే ఉన్నాయి.”

“నా కన్ను! పట్టుకో, నన్ను పట్టుకో, మళ్ళీ బోర్లా తిప్పు! నువ్వు ఎక్కడున్నావు, కనబడట్లేదు... ఇప్పుడేం చెయ్యాలి? ఏం చెయ్యాలో చెప్పవే!”

“ఈ పుస్తకంలోనే ఉందండీ, ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేప్పుడు ఇచ్చింది. పొరపాటున వెల్లకిలా తిరిగితే ఏం చెయ్యాలో చివరి పేజీలో వేశారు. చదవమంటారా?”